మామ్మగారికి నేను చూపించిన ఊరు

అమీర్‌పేటలో మనుషులకు పేర్లతో పని లేని రోజులవి. ఎవరు ఏ కోర్సు నేర్చుకుంటుంటే అదే వాళ్ళ పేరు. నేను వంట చేసే ఆడపిల్లల హాస్టల్లో నలభై మంది ఉండేవారు. నా లెక్కలో వాళ్ళంతా జావా అమ్మాయి, టెస్టింగ్ అమ్మాయి, మెయిన్‌ఫ్రేమ్ అమ్మాయి. "జావా వాళ్ళకి పొద్దున్నే క్లాసు, ఉప్మా ముందు వాళ్ళకి పెట్టెయ్" అని హాస్టల్ ఆంటీ వంటింట్లోకి కేకేసేది. జావా అంటే ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు గానీ, అది నేర్చుకునేవాళ్ళకి ఆకలి ఎక్కువని మాత్రం తెలుసు. (ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. గోడల మీద అంటించిన కోర్సుల కాగితాలు కూడబలుక్కుని చదవడమే నా పై చదువు.) ఎవరిని చూసినా చంకలో ఫైలు, కళ్ళలో ఉద్యోగం. ఆ గాలికి ఇరవై రెండేళ్ళ నాకూ ఏదో ఒకటి అనిపించుకోవాలని ఉండేది. అలా అనిపించుకున్న పేరే "గోదావరి అక్క".

ఆ పేరులో సగం నిజం ఉంది. మాది పశ్చిమ గోదావరి జిల్లానే. అయితే జిల్లాలో మెట్ట వైపు. పొగాకు, జీడిమామిడి, బోరు నీళ్ళు, ఎర్రమట్టి. గోదావరి మా ఊరికి బస్సులో రెండు గంటల దూరం. అప్పటికి నా మొత్తం బతుకులో ఆ నదిని రెండుసార్లు దాటాను. మొదటిసారి అమ్మ చంకలో ఉన్నాను, రెండోసారి బస్సులో నిద్రపోయాను. కానీ పనిలో చేరడానికి వచ్చిన రోజు ఆంటీ "ఏ జిల్లా?" అంది. "వెస్ట్ గోదావరి అండి" అన్నాను. "అమ్మయ్య, గోదావరి చేతి వంట!" అని ఇంకేం అడగకుండా గరిటె నా చేతికిచ్చేసింది. వారం తిరక్కుండా బయట బోర్డు మీద "గోదావరి రుచులు" అని రాయించింది కూడా. అక్కడి నుంచి నా నోరు నా మాట వినడం మానేసింది. "అక్కా, నీకు ఈతొస్తదా?" అని కరీంనగర్ నుంచి వచ్చిన జావా అమ్మాయి అడిగితే, "నాకు నడక కంటే ముందు ఈతే వచ్చింది" అన్నాను. బడికి పడవలో వెళ్ళేదాన్నని ఒకరోజు, మా ఇంట్లో పెళ్ళిచూపులు పడవ మీదే జరిగాయని ఇంకోరోజు. పప్పు రుబ్బుతున్నంతసేపూ అలా ఒక్కో నీటిబొట్టూ పోసి పెద్ద నదిని తయారుచేశాను. ఎవరికేం నష్టం అనుకున్నాను.

ఇవన్నీ నమ్మినవాళ్ళలో మామ్మగారు ఒకరు. మామ్మగారంటే ఆంటీకి అత్తగారు. వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని ఆకుకూర బాగుచేస్తూ కూర్చునేవారు. ఆవిడ నిజంగానే గోదావరి ఒడ్డున పుట్టారు, పాపికొండలకి వెళ్ళే దారిలో. (ఊరి పేరు రాయను. రాసే ముఖం లేదు.) పదమూడో ఏట పెళ్ళి చేసి లాంచీ ఎక్కించి పంపేశారట. ఆ తర్వాత ఆరు నెలలకే తండ్రి పోవడం, అన్నగారు ఇల్లూ పొలమూ అమ్మేసి ఎటో వెళ్ళిపోవడం జరిగి, పుట్టింటికి రమ్మనేవాళ్ళే లేకుండా పోయారు. అరవై ఏళ్ళుగా ఆ ఊరి ముఖం చూడలేదు. "పదకొండు నల్లరాతి మెట్లే, రేవుకి. పైన సున్నం కొట్టిన రామాలయం. పక్కన రెండు తాడిచెట్లు, ఒకదాని మీద ఒకటి వాలి, ఆడపిల్లలు గుసగుసలాడుకుంటున్నట్టు ఉంటాయి" అని చెప్పేవారు. తోటకూర కాడ తుంచుతూ చెప్పేవారు, గోంగూర వలుస్తూ చెప్పేవారు. నాకు కంఠతా వచ్చేసింది. అక్కడెక్కడో పెద్ద ఆనకట్ట కడతారని, ఒడ్డు ఊళ్ళన్నీ ఖాళీ చేయిస్తారని అప్పటికే మాటలు వినపడుతుండేవి. "మునిగేలోగా ఒక్కసారి, దూరం నుంచైనా" అనేవారు మామ్మగారు. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ అడగలేదు.

ఆ కార్తీకమాసంలో ఆంటీకి ఉత్సాహం వచ్చి, "ఈసారి వనభోజనాలు తోటలో కాదు, గోదావరి మీద. పొద్దున లాంచీ ఎక్కితే పాపికొండలు చూసి సాయంత్రానికి దిగడమే" అని ప్రకటించింది. పిల్లలు ఎగిరి గంతేశారు. మామ్మగారు పీట మీంచే "నేనూ వస్తాను" అన్నారు.

"అత్తయ్యా, మీ మోకాళ్ళు..." అంది ఆంటీ.

"మోకాళ్ళతో చూస్తానా ఏంటి, కళ్ళతో చూస్తాను గానీ."

"ఆ కళ్ళు మాత్రం? ఒకదానికేగా ఆపరేషన్ చేయించింది. రెండోది మసకేగా?"

"ఆ రెండో కన్ను ఈ పిల్ల" అని మామ్మగారు నా కొంగు పట్టుకున్నారు. "గోదావరి పిల్లేగా. మా రేవు రాగానే చూపిస్తుంది. ఏమే, చూపిస్తావా?"

ఆ క్షణంలో చెప్పేయాల్సింది. "మామ్మగారూ, నాకు గోదావరి తెలియదండి, మాది బోరు నీళ్ళ ఊరండి" అంటే సరిపోయేది. మహా అయితే పిల్లలు రెండు రోజులు నవ్వేవారు. కానీ బయట బోర్డు గుర్తొచ్చింది, చేతిలోని గరిటె గుర్తొచ్చింది. "అయ్యో, అదెంత పనండీ, కళ్ళు మూసుకుని చూపిస్తాను" అన్నాను. లాంచీ ఎక్కాక సరంగుని, అంటే దాన్ని నడిపే ఆయన్ని, చాటుగా అడిగితే సరి అనుకున్నాను.

పంజాగుట్ట చౌరస్తా నుంచి చిన్న బస్సు మాట్లాడింది ఆంటీ. దాని డ్రైవర్‌ని అందరం భాయ్ అనేవాళ్ళం. ఎర్రమంజిల్ వెనక సందులో ఉండేవాడు, ఆంటీ పనులన్నిటికీ అతనే బండి తెచ్చేవాడు. నదిని దగ్గరగా చూసి ఎరగనని చెప్పి తనూ లాంచీ ఎక్కుతానన్నాడు. తెలియదని అంత తేలిగ్గా ఎలా చెప్పగలిగాడా అని నాకు ఆశ్చర్యం వేసింది.

రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారి రేవులో దిగేసరికి గోదావరి కనిపించింది. అంత నీళ్ళు ఒకేచోట ఉంటాయని నేను ఎప్పుడూ అనుకోలేదు. అవతలి ఒడ్డు ఎవరో పెన్సిల్‌తో గీసినట్టు ఉంది. లాంచీలోకి ఎక్కడానికి ఒక చెక్క వేశారు, జానెడు వెడల్పు. పిల్లలు గెంతుకుంటూ ఎక్కేశారు. మామ్మగారు సైతం ఆంటీ భుజం పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, చక్కగా నడిచి వెళ్ళిపోయారు. నేను చెక్క మధ్యలో నిలబడిపోయాను. ముందుకి కాలు రాదు, వెనక్కి కాలు రాదు. భాయ్ వెనక్కొచ్చి చెయ్యందించాడు.

"అక్కా, నువ్వు గోదావరిదానివి గదా? గిట్ల వణుకుతున్నవేంది?"

"చాలా రోజులైంది కదా భాయ్, అలవాటు తప్పింది" అన్నాను.

పై అంతస్తులో రేకు కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు. మైకు పట్టుకున్నాయన పాటలు పెట్టి పిల్లలతో గంతులు వేయిస్తున్నాడే తప్ప ఏ ఊరి పేరూ చెప్పడం లేదు. సరంగు ముందున్న చిన్న గదిలో ఉన్నాడు. అడుగుదామని రెండుసార్లు లేచాను. లేచిన ప్రతిసారీ ఎవరో ఒక పిల్ల "అక్కా, ఎటు పోతున్నవ్, మాకు చూపియ్యి" అని చెయ్యి పట్టి లాగేది. గోదావరి అక్క వెళ్ళి సరంగుని దారి అడిగితే ఏం బాగుంటుంది?

"అక్కా, గా కొండ పేరేంది?" అంది జావా అమ్మాయి.

"అదా... గుమ్మడి కొండ."

"గుమ్మడి ఎందుకక్కా?"

"చూడు, గుమ్మడికాయలా లేదూ?"

"మరి దాని పక్కది?"

"ఆనపకాయ కొండ" అన్నాను. (వంటదాన్ని. కంగారులో నోటికి కూరగాయలే వచ్చాయి. ఆ పూట దోసకొండ, కంద కొండ కూడా పుట్టించాను.) మామ్మగారు తల పక్కకి తిప్పి విన్నారు. "మా రోజుల్లో ఈ పేర్లు లేవే" అన్నారు మెల్లగా. "తర్వాత పెట్టారండి" అన్నాను. నా పక్కనున్న కమ్మీని మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉన్నాను.

ఆవిడ కుర్చీ అంచున కూర్చున్నారు, వీపు ఆనించకుండా. ప్రతి ఐదు నిమిషాలకూ "వచ్చిందా?" అని అడుగుతున్నారు. మొదట పదిసార్లు "ఇంకా లేదండి" అన్నాను. పదకొండోసారి ఆవిడ నా కొంగు పట్టుకుని లాగారు. "దాటిపోలేదు కదే?" అన్నారు. పిల్లలందరూ నావైపు చూశారు. సరిగ్గా అప్పుడే కుడివైపు ఒడ్డున ఒక రేవు కనిపించింది. మెట్లున్నాయి. పైన తెల్లటి గుడి ఉంది. పక్కన తాడిచెట్లు రెండున్నాయి. ఇంకేం కావాలి? (గోదావరి పొడుగునా ప్రతి ఊరికీ రేవు, ప్రతి రేవు మీదా ఒక రామాలయం, దాని పక్కన తాడిచెట్లు ఉంటాయని మెట్ట ఊరిదానికి ఎలా తెలుస్తుంది?) "అదిగో మామ్మగారూ! అదే!" అని అరిచాను.

ఆవిడ లేచారు. చెప్పులు విడిచారు. చేతులు జోడించి, ఆపరేషన్ చేయించిన కంటిని చికిలించి చూస్తూ, చాలా మెల్లగా, "నాన్నా, వచ్చాను" అన్నారు.

మైకు దగ్గర పాట ఆగిపోయింది. ఆంటీ కళ్ళు తుడుచుకుంది. మామ్మగారు ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టారు. ఆ పెంకుటిల్లే తమదన్నారు, ఆ మెట్టు మీదే తను జారిపడితే గడ్డం పగిలిందన్నారు. రేవులో గేదెల్ని కడుగుతున్న ఒకాయన తలెత్తి చూశాడు. ఈవిడ చెయ్యి ఊపారు, పాపం ఆయనా ఊపాడు. "మా వెంకన్నగారి మనవడై ఉంటాడు, అదే ముక్కు" అన్నారు. తర్వాత సంచిలోంచి చిన్న ఇత్తడి చెంబు తీసి, "మా రేవు నీళ్ళు కాసిని" అన్నారు. భాయ్ తాడు కట్టిన బకెట్టుతో తోడి పోశాడు. ఆవిడ గుక్కెడు తాగి, కళ్ళకి అద్దుకుని, మిగతావి మూతపెట్టుకున్నారు. జావా అమ్మాయి కెమెరా తీసి, వెనక ఊరు కనపడేలా మామ్మగారిని నిలబెట్టి ఫోటో తీసింది. "నువ్వూ రావే, నా రెండో కన్నువి" అని ఆవిడ నన్ను పక్కన నిలబెట్టుకున్నారు. నవ్వాను కూడా. ఒక మనిషికి అంత సంతోషం నా చేతులమీదుగా ఇచ్చానని నా గుండె పొంగింది. అబద్ధం కూడా మంచిదేనేమో అనుకున్నాను.

ఆ పొంగు అరగంట. పులిహోర గిన్నె మూత తీసి వడ్డనకి దిగుతున్నాను. భాయ్ ముందు గదివైపు నుంచి గబగబా వచ్చాడు. డ్రైవర్ కదా, లాంచీ ఎట్లా తిప్పుతారో చూద్దామని సరంగు పక్కన కూర్చున్నాడట.

"అక్కా, జర ఇటు రా" అని మూలకి తీసుకెళ్ళాడు. "గా ఊరు పెద్దమ్మది కాదంట."

"ఎవరన్నారు?"

"సరంగు చెప్పిండు. పెద్దమ్మ ఊరి పేరు చెప్పి, చూసినం అని నేనంటే, గా ఊరు ఇంకా రాలేదు, గిప్పుడొస్తది అన్నడు. అగో, చూడు."

చూశాను. కుడివైపే. నల్లరాతి మెట్లు. నాకు తెలియకుండానే లెక్కపెట్టాను, పదకొండు. పైన సున్నం వెలిసిన చిన్న గుడి. రెండు తాడిచెట్లు, ఒకదాని మీద ఒకటి వాలి, ఆడపిల్లలు గుసగుసలాడుకుంటున్నట్టు. ఇందాక నేను చూపించిన ఊరి చెట్లు నిటారుగా ఉన్నాయి. మెట్లు ఐదో ఆరో. అవన్నీ చూశాను, చూసి కూడా అరిచాను. పులిహోర చేత్తో నిలబడిపోయాను. మామ్మగారు ఆ ఒడ్డుకి వీపు పెట్టి, చుట్టూ కూర్చున్న పిల్లలకి తన చిన్నప్పటి సంగతులు చెబుతున్నారు. వాళ్ళ నవ్వుల మధ్యలో ఊరు మెల్లగా వెనక్కి జరిగి, కొండ మలుపు తిరిగి, పోయింది.

"చెప్పు అక్కా. తప్పైతది" అన్నాడు భాయ్.

"తిరుగు ప్రయాణంలో ఇదే దారిన వస్తాం కదా భాయ్. అప్పుడు చెప్తాను. ఒట్టు."

పాపికొండలు అందరూ చూశారు, నేను చూడలేదు. రెండు కొండల మధ్య గోదావరి సన్నగా, నల్లగా, నిశ్శబ్దంగా అయిపోయిందట. పిల్లలు తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు. నేను లోపల మాటలు పేర్చుకుంటున్నాను. "మామ్మగారూ, చిన్న పొరపాటు జరిగిందండి." ఇది బాగాలేదు. "మామ్మగారూ, ఎండకి కళ్ళు బైర్లు కమ్మి..." ఇదీ అబద్ధమే. మధ్యలో నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. మామ్మగారి ఊరు పైన ఉంది, నేను చూపించిన ఊరు కింద ఉంది, నది పైనుంచి కిందికి పారుతుంది. అంటే ఆవిడ చెంబులో ఉన్నవి వాళ్ళ రేవు ముందునుంచి వచ్చిన నీళ్ళే! ఆ లెక్కకి నాకు నేనే మురిసిపోయి, ఇక చెప్పక్కర్లేదేమో అనుకున్నాను. భాయ్‌కి చెప్పాను. అతను నావైపు చూసి, "అక్కా, ఆమెకు చూపున్నది ఒక్క కన్ను. దాన్ని సుత మనమే..." అని ఆపేశాడు. ఆ మాట పూర్తిచేసి తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుండగా ఆ కొండ మలుపు మళ్ళీ వచ్చింది. నేను లేచాను. ఆంటీ కునుకు తీస్తోంది. పిల్లలు పాటల పోటీ పెట్టుకున్నారు. నేను మామ్మగారి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"మామ్మగారూ, ఒక్కసారి ఇటు రండి. ఒక ఊరు చూపిస్తాను."

"ఏం ఊరే?"

నా నోరు తెరుచుకుంది. పాట ఆగింది. ఇరవై మంది తలలు నావైపు తిరిగాయి. "ఏంది గోదావరి అక్కా, ఇంకో ఊరా? చెప్పు, చెప్పు" అంది జావా అమ్మాయి. ఆంటీ కళ్ళు తెరిచి, "అబ్బా, ఆవిణ్ణి కూర్చోనీవే" అంది. మాట గొంతుదాకా వచ్చింది. పెదవి దాకా వచ్చింది.

"ఏం లేదండీ... తాడిచెట్లు బాగున్నాయని" అన్నాను.

మామ్మగారు కమ్మీ పట్టుకుని, అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. "ఒకదాని మీద ఒకటి వాలాయే" అన్నారు. ఆవిడే కనిపెట్టేస్తారని, నేను చెప్పే పని తప్పుతుందని, దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకున్నాను.

"బాగానే ఉంది. కానీ మా ఊరంత లేదు" అని మామ్మగారు వెనక్కి తిరిగి కుర్చీలో కూర్చున్నారు.

భాయ్ మెట్ల దగ్గర నిలబడి అంతా చూశాడు. "నేను చెప్పనా?" అన్నాడు. "వద్దు భాయ్, నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను. అతను తల అటు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు హాస్టల్‌కి వస్తూ పోతూ ఉన్నాడు, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. "గోదావరి అక్క" అనడం మాత్రం మానేశాడు, ఉత్త "అక్క" అనేవాడు.

జావా అమ్మాయి ఫోటోని పెద్దది చేయించి తెచ్చింది. ఆంటీ దాన్ని భోజనాల గదిలో తగిలించింది. ముందు మామ్మగారు, పక్కన ఇకిలిస్తూ నేను, వెనక ఎవరిదో ఊరు. దాని కిందే నేను రోజుకి మూడుపూటలా వడ్డించేదాన్ని. ఇంటికెవరొచ్చినా మామ్మగారు వాళ్ళని ఫోటో దగ్గరికి నడిపించి, "మా రేవు. ఈ పిల్లే చూపించింది. చెప్పవే" అనేవారు. "అవునండీ, అదే" అనేదాన్ని. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. మూడో ఏడు చలికాలంలో ఆవిడ పోయారు. అంతకు నెల ముందు ఒక మధ్యాహ్నం గుమ్మం దగ్గర ఆవిడా నేనూ తప్ప ఎవరూ లేరు. చెప్పేద్దామని పొయ్యి కట్టేసి వచ్చి పక్కన కూర్చున్నాను. "మామ్మగారూ, ఆ రోజు లాంచీలో..." అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఆ రోజు నువ్వు లేకపోతే దాటిపోయేదే" అని నా చెయ్యి నిమిరారు. లేచి వెళ్ళి పొయ్యి మళ్ళీ వెలిగించాను.

ఇప్పుడు ఆ ఊళ్ళు ఖాళీ చేయించారంటారు. వెళ్ళి చూద్దామన్నా ఆ పదకొండు మెట్లు ఉంటాయో ఉండవో. నాకూ నలభై దాటాయి. అదే అమీర్‌పేటలో, ఒక చిన్న కర్రీ పాయింట్. మెట్రో దిగిన కొత్త పిల్లలు ఫోన్ చూసుకుంటూ వచ్చి, "ఆంటీ, ఈ హాస్టల్ ఎటు?" అని అడుగుతారు. "నాకు తెలియదమ్మా, పక్కన అడుగు" అంటాను. నిన్న ఒక పిల్లకి అలాగే చెబితే మా అమ్మాయి పకపకా నవ్వింది. "అమ్మా, ఆ పిల్ల అడిగింది మన ఎదురు బిల్డింగే కదా!" అంది. నిజమే. అయినా కొట్టు దిగి, రోడ్డు దాటి, ఆ గేటు మీద పేరు కూడబలుక్కుని పైకి చదువుకుని, అప్పుడు వెనక్కొచ్చి ఆ పిల్లని పిలిచాను.